చివరి పేరా

మగ డాన్సర్ల కథతో వచ్చిన ఆ సినిమా రెండో భాగాన్ని పత్రికలన్నీ ఉతికి ఆరేశాయి. మొదటి భాగంలో మనుషులు ఆడారు, ఇందులో కండలు ఆడాయి అని ఒకాయన రాశాడు. హీరో వెనక ఆడిన గుంపులో మా బాబాయి ఉన్నాడు. గుంపులో అందరికన్నా పెద్దవాడు ఆయనే. మూడో భాగంలో కుర్రాళ్ళనే పెట్టుకుంటారని అప్పటికే మాట పుట్టింది.

"పేపర్లో నా గురించి ఒక్క ముక్క పడితే చాలురా. తీసుకెళ్ళి డాన్స్ మాస్టర్ ముందు పెడతాను. పేపర్లో పడ్డ మనిషిని తీసెయ్యాలంటే ఆయనకీ మొహమాటం ఉంటుంది" అన్నాడు బాబాయి.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే. పత్రికలో సినిమా పేజీ దిద్దుతాను. పేపరంతా నేనే రాస్తానని మావాళ్ళ నమ్మకం.

మా విమర్శకుడి సమీక్ష మధ్యాహ్నం నా బల్ల మీదికి వచ్చింది. ఆయనా సినిమాను వదిలిపెట్టలేదు. కానీ చివరి పేరాలో ఇలా రాశాడు: "వాన పాటలో వెనక వరస చివర నెరిసిన గడ్డం మనిషి ఒకడున్నాడు. ఈ సినిమాలో నిజంగా నాట్యం చేసింది ఆయనొక్కడే."

ఆ గడ్డం బాబాయిదే. వెంటనే ఫోన్ చేసి చదివి వినిపించాను. ఫోన్ పిన్ని అందుకుంది.

"ఏం చెప్పావురా ఆయనకి? పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడ్డారు."

సాయంత్రం ప్రకటనల విభాగం నుంచి కబురొచ్చింది. పేజీలో కింది సగం వాళ్ళకి ఇవ్వాలి. విమర్శకుడి రాతలో మధ్య మాట ముట్టుకోకూడదు, చోటు చాలకపోతే చివరి నుంచే కొయ్యాలి. ఆయన పెట్టిన షరతది. అడుగుదామంటే ఆయన ఫోన్ కలవలేదు. పేజీ ఇన్‌చార్జి దగ్గరికి వెళ్ళాను.

"సార్, కథ చెప్పిన పేరా తీసేసి చివరిది ఉంచుదాం."

"ఎందుకు?"

"అందులో ఉన్నది మా బాబాయి సార్."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అలాగైతే అసలే ఉంచకూడదు. రేపెవరైనా అడిగితే నువ్వేం చెప్తావు, నేనేం చెప్తాను?"

తిరిగొచ్చి నా బల్ల ముందు కూర్చున్నాను. కోసింది నేనే.

పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళేసరికి బాబాయి పేపర్ నేలమీద పరిచి వేలితో వెతుకుతున్నాడు.

"ఏ మూల పెట్టావురా? కనబడట్లేదు."

జరిగింది చెప్పాను.

"రాసినాయన రాశాడు, వేసేవాడు మనవాడే. మధ్యలో ఎవడు మింగాడు?" అంది పిన్ని.

"ప్రకటన."

"దేనిదీ?"

అది నేను చెప్పాల్సిన పని లేకపోయింది. అర పేజీ నిండా ఆ సినిమా హీరోనే. కింద 'ప్రేక్షకుల నీరాజనం' అని అక్షరాలు. బాబాయి పేపర్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, హీరో భుజం పక్కన వేలు పెట్టాడు.

"ఈ మోచెయ్యి నాది."

పిన్ని వంగి చూసింది. "మీదే. ఆ పట్టీ నేను కట్టిందేగా."

"మాస్టర్ గుర్తుపడతాడంటావా?" అని నన్నడిగాడు. "చదువుకున్నవాడివి, చెప్పు."

పిన్ని కత్తెర తెచ్చింది గానీ, ఎంతమేర కత్తిరించాలో ఆమెకు తోచలేదు. హీరోని వదిలేస్తే మిగిలేది బొటనవేలంత ముక్క. కత్తెర నా చేతికిచ్చింది.

"నువ్వే కొయ్యి. నీకు అలవాటేగా."

"మనిషి తెలిసేలా కొయ్యరా" అన్నాడు బాబాయి.