పేరు చెప్పిన మధ్యాహ్నం

ఆమె పాప మంచం మీద దుప్పటి మార్చి దిండుకి గలీబు తొడుగుతుంటే భర్త గుమ్మంలో నిలబడి, "అది కాదు, పూల దుప్పటి వెయ్యి. మీ మావయ్యగారికి చూపు ఆనకపోయినా చూడ్డానికొచ్చేవాళ్ళకి ఆనుతుంది కదా" అన్నాడు. తన మాటకి తనే నవ్వుకుని వెళ్ళిపోయాడు.

మావయ్య వస్తున్నాడన్న సంగతి ఆమెకి ముందురోజే తెలిసింది. ఎవరూ అడిగింది లేదు. భర్తా, ఆమె తల్లీ ఫోన్లో మాట్లాడుకుని అంతా ఖాయం చేసేశాక, ఆమె కూరలు తరుగుతుంటే చెవిన వేశారు. మావయ్య అంటే ఆమె తల్లికి స్వయానా అన్న. రెండు కళ్ళకీ శుక్లాలు. వాళ్ళ ఊళ్ళో మంచి కంటాసుపత్రి లేదు, ఇక్కడ ఉంది. పాప గదికి పెద్ద కిటికీ ఉంది, బాత్‌రూము పక్కనే ఉంది, కాబట్టి ఆ గది ఆయనకి. తొమ్మిదేళ్ళ పాప అదే గదిలో కింద పరుపేసుకుని పడుకుంటుంది, పెద్దాయన అడిగితే మంచినీళ్ళు అందిస్తుంది. ఆమె సెలవు పెట్టుకుని పూటపూటకీ ఆయన కంట్లో చుక్కల మందు వేస్తుంది. అన్నీ చక్కగా సర్దేశారు. ఆ ఇంట్లో ఏ పనైనా అంతే. నిర్ణయం వాళ్ళది, నడుము ఆమెది.

చుక్కల మందు వెయ్యాలంటే ఆయన మొహం రెండు చేతుల్లోకి తీసుకోవాలి. రెప్ప పైకెత్తి పట్టుకోవాలి. ఆ మొహం మీదకి వంగాలి. గలీబు చేతిలో పెట్టుకుని ఆమె అదే ఆలోచిస్తూ నిలబడిపోయింది. తనకి నలభై దగ్గరపడుతున్నా, మావయ్య వాడే తలనూనె వాసన బస్సులో ఎవరి దగ్గర వచ్చినా దిగిపోయి తర్వాతి బస్సు కోసం నిలబడే మనిషి ఆమె.

వంటింట్లో భర్త కాఫీ తాగుతుంటే దగ్గరికి వెళ్ళింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో చెప్పని మాట, గిన్నెలు తోముతూ, వెనక్కి తిరక్కుండా చెప్పింది. పెద్దగా ఏమీ చెప్పలేదు. చిన్నప్పుడు మావయ్య నన్నొదల్లేదు అంది. అతనికి అర్థమైంది. అర్థమైందని ఆమెకి ఎలా తెలిసిందంటే, కప్పు కింద పెట్టిన చప్పుడు వినిపించింది, చాలాసేపు మళ్ళీ ఎత్తిన చప్పుడు వినిపించలేదు.

అతను చెడ్డవాడు కాదు. గొంతు పెంచలేదు, నువ్వు అబద్ధమాడుతున్నావనలేదు. "ఎప్పటి సంగతో కదా ఇది. ఆయనకి డెబ్బై దాటాయి. ఎదురుగా ఎవరున్నారో కూడా కనపడదు" అన్నాడు. మళ్ళీ తనే, సరే పాప మన గదిలో పడుకుంటుందిలే అన్నాడు. ఇప్పుడు వద్దంటే మీ అమ్మకి ఏమని చెప్తాం, ఆవిడ ఆయనింట్లోనే కదా ఉంటున్నది అన్నాడు. ఈ సంగతి బయటికొస్తే రేపు పాపనే కదా అందరూ ఒకలా చూస్తారు అన్నాడు. ఆఫీసు టైమైపోయింది. వెళ్తూ వెళ్తూ ఆమె భుజం మీద చెయ్యి వేసి మెల్లగా తట్టాడు, జ్వరమొచ్చినవాళ్ళని తట్టినట్టు. "సెలవు మాత్రం మర్చిపోకుండా పెట్టు" అన్నాడు.

ఆమె రేడియోలో పనిచేస్తుంది. మధ్యాహ్నం పూట ఆడవాళ్ళు కాస్త నడుం వాల్చే వేళ ఒక గంట ప్రోగ్రాం. మరకలు పోవడం ఎలా, అరల్లో పురుగు పట్టకుండా ఏం చెయ్యాలి, మాడిన గిన్నె తెల్లగా ఎలా తోమాలి. విన్నవాళ్ళు ఫోన్ చేసి అడుగుతారు, ఆమె అప్పటికప్పుడు చెప్తుంది. ఊళ్ళోనూ, రేడియో అందే చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఆమెని రేడియో వదిన అంటారు. ఆమె మొహం ఎవరికీ తెలియదు గానీ కూరగాయల కొట్లో రెండు మాటలు మాట్లాడితే చాలు, మీరు రేడియో వదిన కదూ అని పట్టేస్తారు. స్టేషన్ మేనేజర్ మాత్రం ఆ ప్రోగ్రాంని అంట్ల ప్రోగ్రాం అంటాడు. వార్తలు చదివే అవకాశం ఇవ్వమని ఆమె అడిగినప్పుడల్లా, "మీ గొంతులో వంటింటి వెచ్చదనం ఉందండీ, దాన్ని పాడుచేసుకోకండి" అంటాడు. పొగడ్తలాగే ఉంటుంది. ఇంటికొచ్చాక గుచ్చుకుంటుంది.

ఆ రోజు స్టూడియోలో కూర్చునేసరికి ఆమె బుర్రలో ఏమీ లేదు. నిజంగా ఏ ఆలోచనా లేదు. అద్దం అవతల ఎప్పట్లాగే సౌండ్ ఆపరేటర్, రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని బొటనవేలు పైకెత్తాడు. ఎర్ర లైటు వెలిగింది. తెల్ల చొక్కా మీద సిరా మరక గురించి ఒకావిడ అడిగితే చెప్పింది. ఫ్రిజ్‌లో వాసన గురించి ఒకావిడ అడిగితే చెప్పింది. తర్వాత ఒక చిన్న గొంతు. పాతికేళ్ళుంటాయేమో. పరుపులోంచి ఉచ్చ వాసన పోవడం లేదు వదినా, ఏం చెయ్యమంటారు అని అడిగింది.

పసిపిల్లలున్నారా అని అడిగింది ఆమె.

పసిది కాదు వదినా, మూడో తరగతి. ఎప్పుడో మానేసింది, మళ్ళీ మొదలెట్టింది. ట్యూషన్‌లో వేసిన దగ్గర్నించీ ఇదే వరస. ఎంత కొట్టినా మానట్లేదు అంది ఆ తల్లి. సిగ్గుపడుతూ చిన్నగా నవ్వింది కూడా.

ఆమెకి జవాబు తెలుసు. వంటసోడా చల్లి, ఆరాక దులిపి, ఎండలో వెయ్యాలి. ఆ జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే ఒక పరుపు కూడా వచ్చింది. మావయ్య ఇంటి డాబా మీద, పొద్దున్నే ఎండలో నిలబెట్టిన పరుపు. దాని పక్కన తలొంచుకుని నిలబడ్డ చెల్లెలు. తిండి తినదని, ఎప్పుడూ ఏదో ఒక మూల నక్కి ఉంటుందని ఇంట్లో అందరూ దాన్ని పిచ్చుక అనేవాళ్ళు. ఇంత వయసొచ్చి పక్క తడుపుతున్నావు, సిగ్గులేదా అని తల్లి తిట్టేది. ఆమె కూడా నవ్వేది, అక్క కదా. పిచ్చుక ఎవరివంకా చూసేది కాదు.

"ముందు కొట్టడం మానెయ్యమ్మా" అంది రేడియో వదిన. "పిల్లలు పక్క తడపడానికి కారణాలు చాలా ఉంటాయి. నీ పిల్ల సంగతి నాకు తెలీదు, దూరాన్నుంచి ఎవరి మీదా నింద వెయ్యను. కానీ దగ్గర కూర్చోబెట్టుకుని అడుగు. ట్యూషన్‌కి వెళ్ళాలంటే భయమేమైనా ఉందా అని అడుగు. ఏం చెప్పినా నమ్ము. నా తప్పేనా అమ్మా అంటే కాదని చెప్పు. ఇది చెప్పడానికి నాకేం అర్హత ఉందో ఇప్పుడు చెప్తాను, కాస్త ఫోన్ పెట్టెయ్యకు."

అప్పటికే ఆపరేటర్ తలెత్తి చూస్తున్నాడు.

ఆమె చెప్పింది. చారు మరక గురించి చెప్పే గొంతుతోనే చెప్పింది, ఆమెకున్నది ఆ గొంతొక్కటే. నాన్న పోయాక అమ్మ తమ ఇద్దర్నీ వెంటబెట్టుకుని అన్నగారింటికి చేరిందని చెప్పింది. అప్పటికి తనకి ఎనిమిదేళ్ళు, చెల్లెలికి ఆరు. లెక్కలు చెప్తానని మావయ్య తనని గదిలోకి పిలిచేవాడని, తలుపు గడియ పెట్టేవాడని చెప్పింది. ఆ గదిలో ఏం జరిగిందో వివరంగా చెప్పలేదు. తెలిసినవాళ్ళకి అక్కర్లేదు, తెలియనివాళ్ళు ఊహించుకోగలరు.

"ఎవరికీ చెప్పకుండా ఉంటే నా చెల్లెలి జోలికి వెళ్ళనన్నాడు. చెప్పలేదు. పెద్దయ్యాక కూడా చెప్పలేదు. పెళ్ళయింది, నాకు నెలలు నిండుతుంటే నా చెల్లెలు సాయానికి వచ్చింది. ఇద్దరం కూర్చుని పుట్టబోయే బిడ్డకి గుడ్డలు మడతపెడుతున్నాం. ఉన్నట్టుండి అది, అక్కా, నేను నోరు మూసుకుంటే నిన్ను ముట్టుకోనన్నాడే, అంది."

ఫోన్ లైన్లో ఆ తల్లి ఊపిరి వినిపిస్తోంది.

"దానికోసం నేనూ, నాకోసం అదీ. ఒకే మంచం మీద పక్కపక్కనే పడుకుని పెరిగాం. ఒక్కసారి ఎవరో ఒకరం చెప్పుకుని ఉంటే సరిపోయేది. నేనూ అంతేనని దానికి చెప్పడానికి ఆ రోజు నాకు నోరు రాలేదు. నాకు పాప పుట్టేలోపే అది చచ్చిపోయింది. జ్వరమని చెప్పారు. జ్వరం కాదు."

ఆపరేటర్ పక్కన ఫోన్ మోగింది. మేనేజర్ గదిలోంచి. ఆమె గొంతు కత్తిరించాలంటే ఆ ముసలాయన ఒక్క మీట కిందికి లాగితే చాలు. ఆయన మీట మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఫోన్ మోగుతూనే ఉంది.

ఆమె ఆగలేదు. ఆ మనిషి ఇంకా బతికే ఉన్నాడని, కళ్ళు సరిగ్గా కనపడకపోయినా వీధిలో పిల్లలందరికీ ఉచితంగా నోటిలెక్కలు చెప్తున్నాడని, మంచి మనిషని ఊరంతా అంటుందని చెప్పింది. పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా చెప్పింది. ఆ ఊరి పేరూ వీధి పేరూ చెప్పింది. పిల్లల కోసం పెట్టిన హెల్ప్‌లైన్ నంబరు నిదానంగా, రాసుకునేవాళ్ళకి అందేట్టు, రెండుసార్లు చదివింది. అప్పుడు పరుపు సంగతి గుర్తొచ్చి వంటసోడా గురించి కూడా చెప్పింది.

మేనేజర్ తలుపు తోసుకుని వచ్చేసరికి పాట నడుస్తోంది. జనం భోజనాలయ్యాక వినే ప్రోగ్రాంలో ఇలాంటి కంపు మాటలా అన్నాడు. మీకు జరిగినదానికి బాధపడుతున్నాను గానీ ప్రతిదానికీ ఒక పద్ధతుంటుంది అన్నాడు. ఏ పద్ధతో చెప్పమని ఆమె అడిగింది. వెటకారానికి కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అతను రేపట్నించి రావద్దన్నాడు.

మెట్లు దిగుతుంటే ఆపరేటర్ వెనకాలే వచ్చాడు. ఆ తల్లి మళ్ళీ ఫోన్ చేసిందనీ, ఏమీ చెప్పకుండా ఏడ్చి, హెల్ప్‌లైన్ నంబరు ఇంకోసారి అడిగి రాసుకుందనీ చెప్పాడు. ఫోన్లు ఆగడం లేదన్నాడు. కొందరు తిడుతున్నారట. కొందరు ఏమీ మాట్లాడకుండా ఫోన్ పట్టుకుని ఉండిపోతున్నారట.

ఆమె ఇంటికి వెళ్ళేసరికి, వాళ్ళతోనే ఉండే అత్తగారు హాల్లో కూర్చుని ఉంది. రేడియో ఆపేసి ఉంది. నా కొడుకు రేపు నలుగురిలో మొహం ఎక్కడ పెట్టుకుంటాడు, ఇంటి గుట్టు ఊరికి టముకు వేస్తారా ఎవరైనా అంది. అంటూనే పక్కన కూర్చున్న మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. పాప విడిపించుకోబోతే ఇంకా దగ్గరికి లాక్కుంది. కోడలి వైపు మాత్రం చూడలేదు.

భర్త చీకటి పడకముందే వచ్చేశాడు. ఆఫీసులో ఎవరో చెప్పారట. చెప్పులు విప్పకుండానే మంచం మీద కూర్చుని, ఒక్క మాట నాతో చెప్పి ఉండాల్సింది అన్నాడు.

"పొద్దున్న చెప్పాను" అంది ఆమె.

అతను చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఇదివరకైతే వెళ్ళి పక్కన కూర్చునేది, మంచినీళ్ళిచ్చేది, తన బాధకి అతన్ని ఓదార్చేది. ఇవాళ ఓపిక లేదు. పాప గదిలోకి వెళ్ళి పూల దుప్పటి తీసేసి, పాప ఎప్పుడూ కప్పుకునేది వేసింది. మంచం అంచున కూర్చున్నాక ఏడుపొచ్చింది. పిచ్చుక పోయినప్పుడు కూడా రాని ఏడుపు. అప్పుడు నిండు నెలల మనిషి ఏడిస్తే కడుపులో బిడ్డకి మంచిది కాదన్నారు, ఆపుకుంది. ఆ తర్వాత ఎప్పుడు ఏడవాలో తెలియలేదు.

అప్పుడు ఫోన్ మోగింది. తల్లి.

తల్లి ముందు తిట్టింది. నా బతుకు బజార్న పడేశావు కదే అంది. ట్యూషన్ పిల్లల తల్లులు వచ్చి గేటు దగ్గర నిలబడ్డారని, మావయ్య గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడని చెప్పింది. నీడ ఇచ్చిన మనిషికి ఇదా నువ్వు చేసే మేలు అంది. ఆమె వింది. తిట్లు అయిపోయాక అడిగింది.

"నీకు తెలుసా అమ్మా?"

"చిన్నది చెప్పింది" అంది తల్లి. "నోర్ముయ్యమన్నాను. మీ ఇద్దర్నీ వేసుకుని ఎక్కడికి పోను? ఎవరు రానిస్తారు? నువ్వు ఎప్పుడూ ఏమీ అనలేదు. నవ్వుతూ తిరిగేదానివి, క్లాసులో ఫస్టు వచ్చేదానివి. పోన్లే, నీ జోలికి రాలేదు, ఒక్కదాన్నైనా దక్కించుకున్నాననుకున్నాను. చిన్నది పోయాక కూడా ఆ ఒక్క మాట పట్టుకునే బతుకుతున్నానే. ఇవాళ రేడియోలో..."

తల్లి ఏడవడం కూడా తెలియని మనిషిలా ఏడ్చింది, దగ్గినట్టు. ఆమెకి తల్లిని ఓదార్చాలనిపించలేదు. ఫోన్ పెట్టెయ్యాలనీ అనిపించలేదు. మావయ్య ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు, ముగ్గురూ ఇంకొకరిని కాపాడుతున్నామనుకునే నోరు మూసుకున్నారు. ఒక్కరూ దక్కలేదు.

"రేపు నేను పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నాను" అంది. "ఇప్పుడు నాకు చెప్పింది అక్కడ చెప్తావా?"

అవతల ఎక్కడో తలుపు తీసిన చప్పుడయింది. ఆ గొంతు, ముసలిదైనా అదే గొంతు, ఎవరితో మాట్లాడుతున్నావని గట్టిగా అడగడం వినిపించింది. తల్లి ఆ గొంతుకి బదులివ్వలేదు. ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకున్నట్టుంది, మాట మరీ నెమ్మదిగా వచ్చింది.

"నా మందులు ఎన్నాళ్ళకి సరిపడా తెచ్చుకోను?"

"అన్నీ తెచ్చుకో" అంది కూతురు.