హోరు కింద గొంతు

నేను ఒక చెవిటితనాన్ని. డబ్బులిచ్చి కొనుక్కుని, మెత్తటి సంచిలో పెట్టుకుని, కావలసినప్పుడు తలకు తగిలించుకునే చెవిటితనాన్ని. నన్ను హెడ్‌ఫోన్లు అంటారు. బయటి రొద ఎలా ఊగుతోందో నా ఒంటిమీది సన్నటి బెజ్జాల్లోంచి విని, దానికి సరిగ్గా ఎదురుగా ఊగే శబ్దాన్ని లోపల పుట్టిస్తాను. రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. మిగిలిన నిశ్శబ్దం కోసమే మనుషులు నన్ను కొంటారు. దేవుడు ఊరికే ఇచ్చిన చెవులను మూసుకోవడానికి వాళ్లు ఎంతైనా ఖర్చు పెడతారు.

ఎక్కడో పెద్ద కర్మాగారంలో పుట్టాను. అక్కడ నన్ను గాజు గదిలో పెట్టి విమానం మోత, రైలు మోత వినిపించి పరీక్షించారు. ఆ రెంటినీ మింగేశాను కనుక పాసయ్యాను. మనిషి గొంతును మింగుతానో లేదో ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న మొదట అడిగింది హనుమకొండ చౌరస్తా దగ్గరి దుకాణంలో, ఎస్తేరు.

ఎస్తేరు ఇరవై ఏళ్లకు పైగా ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో నర్సుగా పనిచేసింది. ఏసీల హోరు, మిషన్ల కూతలు, వాటి మధ్య మంచాల మీంచి "సిస్టర్" అనే పిలుపులు. కొన్నాళ్లకు ఆ పిలుపు ఇంటిదాకా వచ్చింది. ఫ్యాను తిరిగితే అందులో "సిస్టర్". మిక్సీ ఆడితే అందులో "సిస్టర్". ఒకరోజు డ్యూటీలో, ఎవరూ పిలవని మంచం దగ్గరికి సూది పట్టుకుని పరుగెత్తింది. ఆ మనిషి నిద్రపోతున్నాడు. తన చేతిలో ఏముందో చూసుకుని ఎస్తేరు ఒళ్లు చల్లబడింది. మర్నాటినుంచి డ్యూటీకి పోలేదు.

డాక్టరు ఆమె చెవుల్లో దోషం లేదన్నాడు. విని విని అలిసిన బుర్ర, హోరులోంచి పిలుపును తానే అల్లుకుంటోందన్నాడు. హోరు తగ్గితే పిలుపూ తగ్గుతుందన్నాడు. అందుకే ఆమె, భర్త దానియేలు కలిసి నన్ను వెతుక్కుంటూ వచ్చారు. దానియేలు బళ్లో లెక్కల సారు. భార్య పక్కన నడుస్తున్నంతసేపూ ఆమె మోచేతి దగ్గర చెయ్యి ఉంచే మనిషి.

దుకాణంలోని అమ్మాయి ముందు ఖరీదైన జత తీసింది. "ఇది వెట్టుకుంటే పక్కన పిడుగు వడ్డా వినవడదు ఆంటీ."

ఎస్తేరు ముఖం పాలిపోయింది. "అట్లాంటిది వద్దు బిడ్డా. నిజంగ ఎవరన్నా పిలిస్తే వినాలె గదా!"

చెవిలోకి దూరేవి పెట్టుకుని చూసింది. తన గుండె చప్పుడే తనకు వినబడి వెంటనే లాగేసింది. ఇంకో జత బిగుతుకు కణతలు నొచ్చాయి. చివరికి నా వంతు వచ్చింది. ఆమె దుకాణంలోని స్టాండు ఫ్యానును పూర్తి జోరున పెట్టించింది. కళ్లు మూసుకుంది. పెదవులు బిగిశాయి, పిలుపు మొదలైందన్నమాట. అప్పుడు నన్ను తలకు పెట్టుకుంది. నేను ఫ్యాను హోరును మింగాను. దాంతోపాటు ఆ పిలుపూ పోయింది. కళ్లు తెరవకుండానే చెయ్యెత్తి భర్తకు సైగ చేసింది. ముందే అనుకున్నట్టు అతను వెనక నిలబడి మెల్లగా అన్నాడు.

"ఎస్తేరూ."

ఆ గొంతు నాకు చిక్కలేదు. ఫ్యానులాంటి ఒకే తీరు రొదను పట్టగలను గానీ, లేచి పడే మనిషి గొంతును పట్టడం నాకు చేతకాదు. కాస్త పలచబడి ఆమెను చేరింది. ఎస్తేరు గిరుక్కున తిరిగింది. "ఇదే తీసుకుందామండి" అంది. కళ్లనిండా నీళ్లు.

అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. నాకు మాత్రం అర్థమై భయం పట్టుకుంది. నన్ను పెట్టుకున్నాక పోయేది భ్రమ, పోకుండా నిలిచేది నిజం. ఆమె లెక్క అది. ఒక మనిషి తన మతిస్థిమితాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది. నేనో ప్లాస్టిక్కు ముక్కను. ఏదో ఒకరోజు నిజమైన పిలుపును కూడా మింగేస్తేనో?

ఇంటికొచ్చాక ఆమె నన్నొక్కదాన్నే నమ్మలేదు. పిలుపు వినబడగానే నన్ను పెట్టుకునేది, పోయిందని తెలిశాక కూడా భర్తను అడిగేది.

"ఏమండీ, ఎవరన్నా పిలిచిన్రా?"

"లేదు ఎస్తేరు. ఎవ్వరు పిలువలే."

వంటింట్లోంచి, స్నానాల గదిలోంచి, పిల్లల పేపర్లు దిద్దుతూ, ఎక్కడున్నా విసుగు లేకుండా ఆ జవాబే చెప్పేవాడు. నేను సగం, అతను సగం. మా ఇద్దరి మీద ఆనుకుని ఆమె బతుకు నడిచింది.

వానాకాలం వచ్చింది. ఆ రోజు పొద్దుటినుంచీ కుండపోత. బడికి సెలవిచ్చారు. మధ్యాహ్నం కరెంటు పోయింది, అపార్టుమెంటు జనరేటరు గర్జించడం మొదలుపెట్టింది. సెల్లారులోకి నీళ్లొస్తున్నాయని కింద కేకలు వినిపించాయి. "బండి పైకి పెట్టొస్త" అని దానియేలు లేచాడు. మోకాళ్ల నొప్పులవల్ల లిఫ్టులోనే వెళ్లాడు. ఫోను ఇంట్లోనే చార్జింగుకు పెట్టి ఉండిపోయింది.

చాలాసేపయింది. అతను రాలేదు. ఎస్తేరు మూడో అంతస్తు బాల్కనీలో నిలబడి చూసింది. వాన తెర తప్ప ఏమీ కనబడలేదు. జనరేటరు మోతలో పిలుపు మొదలైంది.

అలవాటుగా వెనక్కి తిరిగి, "ఏమండీ, ఎవరన్నా..." అంది. గది ఖాళీగా ఉంది.

వణికే చేతులతో నన్ను తలకు పెట్టుకుంది. నాకు పుట్టి బుద్ధెరిగాక అంత భయం ఎన్నడూ కలగలేదు. చెయ్యక తప్పని నా పని నేను చేశాను. జనరేటరు మోతను మింగాను, వాన మోతలో సగం మింగాను. పిలుపు ఆగలేదు. సన్నగా, అడుగునుంచి, గోడల్లోంచి వస్తున్నట్టు వచ్చింది. ఆమె నన్ను తీసేసింది, హోరు ముంచుకొచ్చింది. మళ్లీ పెట్టుకుంది. పిలుపు ఉంది. అందులో "సిస్టర్" అన్న మాట లేదు.

నన్ను మెడలోకి జార్చుకుని మెట్లమీద పరుగెత్తింది.

కింద వసారాలో నలుగురైదుగురు వాన చూస్తూ నిలబడ్డారు. సెక్రటరీ యాదగిరి, వాచ్‌మన్ కొమురయ్య వాళ్లలో ఉన్నారు.

"మా సారు కనవడ్డడా?"

"లేదు మేడం. బండి తీస్కొని బయటికి పోయిండేమో" అన్నాడు యాదగిరి.

"ఎవరో పిలుస్తున్నరు. జనరేటర్ బంద్ చెయ్యున్రి."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె సంగతి ఆ అపార్టుమెంటులో అందరికీ తెలుసు. "మళ్ల వినవడుతుందా మేడం?" అన్నాడు యాదగిరి జాలిగానే. "పైకి పోయి కొంచెం రెస్టు తీస్కోన్రి. సారు వస్తడు."

ఆ జాలి ఆమెను సగం చంపింది. ఆమె మెడ మీద ఉన్నాను కనుక నాకు తెలుసు. నరం ఎగిరెగిరి పడుతోంది. సూది పట్టుకుని పరుగెత్తిన రోజు మళ్లీ వచ్చిందేమోనని ఆమె భయం. నేను తప్పు చెప్పానేమోనని నా భయం. ఒక్క క్షణం ఆమె మెట్లవైపు తిరిగింది కూడా. తర్వాత ఏమనుకుందో, యాదగిరిని తోసుకుంటూ వానలోకి నడిచి జనరేటరు డబ్బా తలుపు తెరిచి, ఎర్ర బొత్తాన్ని అరచేత్తో నొక్కేసింది.

గర్జన చచ్చిపోయింది.

"ఏంది మేడం ఇది!" అంటూ యాదగిరి ముందుకొచ్చి, అక్కడే ఆగిపోయాడు. కాళ్ల కిందనుంచి ధన్ ధన్‌మని ఇనుము మోగుతోంది. దానితోపాటు బొంగురుపోయిన గొంతు. ఇప్పుడది అందరికీ వినబడింది.

"లిఫ్టుల ఇరుక్కున్నడు!" అని కొమురయ్య కేక వేశాడు. ఒకరు మెయిన్ స్విచ్చు ఆపడానికి పరుగెత్తారు. కొమురయ్య లిఫ్టు తాళంచెవి తెచ్చాడు. సెల్లారు మెట్లు సగం నీళ్లలో ఉన్నాయి. ఎస్తేరు ఎవరికోసమూ ఆగలేదు. నడుము దాటి, రొమ్ము దాటి నీళ్లు. నా మెత్తటి దిళ్లలోకి బురద నీరు చేరింది, కుడివైపు ఏదో చురుక్కుమంది. ఆ తర్వాతిదంతా నాకు ఎడమవైపునే వినబడింది.

తాళంచెవి తిరిగింది. ఇద్దరు ముగ్గురు కలిసి తలుపు లాగారు. దానియేలు గడ్డందాకా నీళ్లలో, తల పైకెత్తి నిలబడి ఉన్నాడు. గుద్ది గుద్ది పిడికిళ్లు చిట్లిపోయాయి. పెదవులు నల్లబడ్డాయి.

వసారాలోకి తెచ్చి కూర్చోబెట్టాక ఎస్తేరు అతని నాడి పట్టుకుంది. కళ్ల రెప్పలు తెరిచి చూసింది. దుప్పటి తెమ్మంది, కాళ్లు రుద్దమంది. ఆమె చెప్పినట్టల్లా యాదగిరి చేశాడు. ఆమె చేతులు అప్పుడు వణకలేదు.

దానియేలు ఆమె మెడలో వేలాడుతున్న నన్ను చూశాడు. "నువ్వు అవి వెట్టుకొని కూసున్నవేమో, నాది వినవడదేమో అని... గదే భయమైంది ఎస్తేరు."

"వెట్టుకున్న" అంది ఆమె. "వెట్టుకుంటెనే విన్న."

అప్పుడు ఏడ్చింది.

నన్ను వారంపాటు బియ్యం డబ్బాలో పెట్టి ఎండబెట్టారు. కుడి చెవి రాలేదు. ఎడమ చెవి గురగురమంటుంది, ఏ హోరునూ మింగలేదు. పాడైన వస్తువును మనుషులు పారేయరు. పోయిన ఫోన్ల చార్జర్ల పక్కన సొరుగులో దాచి, ఏదో ఒకరోజు బాగు చేయిస్తామనుకుంటారు. నేనూ ఆ సొరుగులోనే ఉన్నాను.

ఆమెకు పిలుపులు పోలేదు, తగ్గాయంతే. ఈమధ్య వీధి చివర చిన్న క్లినిక్కులో నర్సు కావాలన్నారు. ఆలోచించి ఆలోచించి ఒప్పుకుంది. మొదటిరోజు పొద్దున జడ చుట్టుకుని, తెల్లచీర కట్టుకుని, సొరుగు తెరిచి నన్ను చేతిలోకి తీసుకుంది. నాతో ఏం పని లేదని మా ఇద్దరికీ తెలుసు. తిరిగి లోపల పెట్టేసింది.

గుమ్మం దగ్గర ఆమె అడుగులు ఆగిపోవడం విన్నాను.

"భయమైతున్నదా?" అన్నాడు దానియేలు.

"మస్తు."

"నాకు గుడ. పా, అక్కడిదాక వస్త."

తలుపు మూసుకుంది. ఇద్దరూ మెట్లమీదుగానే దిగారు. మోకాళ్ల నొప్పి మనిషి కనుక అతని అడుగులు మెల్లగా, ఆమెవి అతనికోసం ఆగి ఆగి. వినబడినంతవరకు విన్నాను.