మామయ్య చదివే మరకలు

ఇంజిన్ కడగడానికి తెల్లవారుజామే మంచిదని కోడలికి ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టింది. రాత్రంతా నిలబడ్డ కారు చల్లగా ఉంటుంది, చన్నీళ్ళు పడినా ఇనుముకు భయం లేదు. అన్నింటికంటే ముఖ్యంగా ఆ వేళకు మామయ్య నిద్ర లేవడు.

మామయ్య నలభై ఏళ్ళు మెకానిక్‌గా బతికిన మనిషి. ఇంటి వెనక ఉన్న రేకుల షెడ్డు ఆయనదే. రెండేళ్ళ కిందట ఉన్నట్టుండి "ఇక చాలు" అని పానాలన్నీ పెట్టెలో పడేసి షట్టర్ దించేశాడు. ఎందుకని అడిగినవాళ్ళకు జవాబుకు బదులు తిట్లు దక్కాయి. ఆరునెలల కిందట కోడలు ఆ షట్టర్ ఎత్తి, బూజు దులిపి, కార్ల ఇంజిన్లు శుభ్రం చేసి మెరిపించే పని పెట్టుకుంది. కారును పైపైన కడిగేవాళ్ళు వీధికి నలుగురున్నారు గానీ బానెట్ ఎత్తి లోపల చెయ్యి పెట్టేవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ సంగతి పసిగట్టింది ఆమె ఒక్కతే. మామయ్యకు మాత్రం ఈ పని కంట్లో నలుసు.

"ఇంజిన్ పని చెయ్యాలి గానీ ఫొటో దిగాలా ఏంటమ్మా?" అనేవాడు.

భర్త ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. మనిషి లోపల ఏముందో ఇట్టే చూసి చెప్పే ఆ మహానుభావుడు, ఇంట్లో తండ్రికీ భార్యకీ మధ్య ఏం జరుగుతోందని అడిగితే మాత్రం గోడ మీద పిల్లి. ఇద్దరి మాటా నిజమేనని చెప్పి డ్యూటీకి వెళ్ళిపోతాడు.

ఇలా ఉండగా పోయిన వారం టైర్ల షాపతను వచ్చి షెడ్డు అద్దెకు అడిగాడు. మామయ్య ఇంట్లో ఎవరినీ అడక్కుండా సరేననేశాడు. శనివారం పొద్దున పదింటికి వచ్చి తాళం తీసుకెళ్ళమన్నాడు. ఆ మాట కోడలి చెవిన పడింది. కార్లు కడుక్కోవడానికి ఇంకో చోటు దొరకొచ్చు. కానీ ఆమెకు కావలసింది ఈ షెడ్డే. ఇక్కడ చెయ్యి చాచితే నీళ్ళున్నాయి, కేకేస్తే అత్తయ్య ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఇది నాది అనుకుని పొద్దున్నే లేచి పరుగెత్తిన చోటు ఇదొక్కటే.

సరిగ్గా శుక్రవారం సాయంత్రం టీచరమ్మ కారు వచ్చింది. టీచరమ్మ రెండు వీధుల అవతల ఉంటుంది, రోజూ గుట్ట మీదున్న బడికి ఆ కారులోనే వెళ్తుంది.

"అమ్మేద్దామనుకుంటున్నానమ్మా. కాస్త కంటికి ఇంపుగా చేసి పెట్టు," అంది తాళాలిస్తూ. "ఎక్కడో ఆయిల్ కారుతోంది. గుట్ట ఎక్కేటప్పుడు ఒకటే మాడు వాసన. ఇప్పటికి నలుగురు చూశారు, ఎవరికీ అంతు చిక్కలేదు."

వరండాలో కూర్చున్న మామయ్య ఆ కారును చూసి లేచి లోపలికి వెళ్ళిపోయాడు. కోడలు మాత్రం ఒక ఆశ పెట్టుకుంది. ఈ ఒక్క కారు అద్దంలా తయారుచేసి చూపిస్తే ఆయన మనసు మారకపోతుందా అని. ఆ ఆశకు తలా తోకా లేదని ఆమెకూ తెలుసు, అయినా అయిదింటికల్లా షెడ్డులో ఉంది.

బానెట్ ఎత్తి చూస్తే తల తిరిగింది. ఆయిలూ దుమ్మూ కలిసి వేలి మందాన పేరుకుపోయాయి. ముందు బ్యాటరీ తీగ విప్పింది. తడి తగలకూడని చోట్లన్నీ, గాలి పీల్చే గొట్టం మూతినీ, ఫ్యూజుల పెట్టెనూ, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌నూ ప్లాస్టిక్ కవర్లతో మూటలు కట్టింది. జిడ్డు కరిగే మందు చల్లి పావుగంట ఆగింది. తర్వాత పెయింట్ బ్రష్షుతో పెద్ద భాగాలూ, పాత టూత్‌బ్రష్షుతో సందులూ రుద్దుకుంటూ పోయింది. నీళ్ళ పైపు బొటనవేలితో నొక్కి సన్నని ధారగా పోసింది. నల్లటి నీళ్ళు కాళ్ళ మీదుగా కాలువలోకి పారాయి. రెండోసారి బూడిద రంగు నీళ్ళు, మూడోసారి మామూలు నీళ్ళు వచ్చాయి. గాలి కొట్టి, పొడిగుడ్డతో తుడిచాక ఇనుము తన అసలు రంగులో బయటపడింది. ఇంత జిడ్డు కింద ఇంత అందం దాక్కుందా అని ఎప్పటిలాగే మురిసిపోయింది. ఇక రబ్బరు గొట్టాలకు మెరుపు ద్రవం రాయడమే మిగిలింది.

ఏడింటికి మామయ్య వచ్చాడు. చేతిలో టార్చి ఉంది. రెండేళ్ళుగా షెడ్డు గడప తొక్కని మనిషి టార్చి పట్టుకుని వచ్చాడంటే ఏదో ఉందని ఆమెకు అప్పుడే తట్టాల్సింది. నవ్వుముఖంతో పక్కకు జరిగి, "చూడండి మామయ్యా," అంది.

ఆయన చూశాడు. ముఖం పాలిపోయింది.

"నిన్నెవరు తుడవమన్నారు?"

"అదే కదా మామయ్యా నా పని?"

"నీ పని నువ్వు చేశావు, నా పని లేకుండా చేశావు. ఆయిల్ ఎక్కడ మొదలైందో, ఎటు పాకిందో, పాతదెంతో, కొత్తదెంతో, మరక చూస్తే తెలుస్తుంది. నలభై ఏళ్ళు అది చదువుకునే బతికాను. ఎండ రానిచ్చి నిదానంగా చూద్దామనుకున్నాను. నువ్వు మొత్తం కడిగి కాలువలో పోశావు." ఆయన ఇంజిన్ మీదకు వంగాడు. "ఇదిగో, ఈ ఆయిల్ మూత పక్కన ఉండేది పెద్ద మరక..."

చూపించబోయిన వేలు ఆయిల్ మూత మీద పడలేదు. జానెడు దూరంలో, బ్యాటరీ మీద పడింది. అక్కడి నుంచి తడుముకుంటూ మూత దగ్గరకు వచ్చింది. వచ్చాక ఆయన చెయ్యి గబుక్కున వెనక్కి తీసుకుని, కోడలు చూసిందేమోనని అటు తిరిగి, చరచరా ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

కోడలు చూసింది. కోపం రావలసిన చోట ఆమె బ్రష్షు పక్కన పెట్టి ఇంట్లోకి నడిచింది.

వంటింట్లో అత్తయ్య టీ కాస్తోంది. కోడలు గుమ్మంలోనే నిలబడి అడిగేసింది. "అత్తయ్యా, మామయ్యకు కళ్ళు కనపడ్డం లేదా?"

అత్తయ్య పొయ్యి తగ్గించింది. "కనపడతాయి. మసకమసగ్గా. రెండేళ్ళ పైనే అయింది. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుంటే నేనే సర్దుతున్నాను, అదేదో నా ముచ్చటన్నట్టు."

"డాక్టరుకు చూపిద్దామని అనలేదా?"

"అంటే కనపడ్డం లేదని ఒప్పుకోవాలి కదా. ఆ మనిషి ప్రాణమైనా ఇస్తాడు గానీ ఆ మాట అనడు." అత్తయ్య గొంతు తగ్గించింది. "ఆయన చివరగా చూసింది ఈ టీచరమ్మ కారే. ఇంజిన్ మూత కింద ఆయిల్ బయటికి రాకుండా ఆపే గ్యాస్కెట్ పోయిందన్నాడు, మార్చాడు. నెల తిరక్కుండా మళ్ళీ కారింది. నా కళ్ళు నన్ను మోసం చేశాయనుకున్నాడు. మర్నాడే షట్టర్ దించేశాడు."

మామయ్యకు తన పని నచ్చకపోవడం ఒకటీ, ఆయనకు ఆయన మీదే నమ్మకం పోవడం ఒకటీ. ఇన్నాళ్ళూ మొదటిదే అనుకుని లోలోపల ఎన్నెన్ని తిట్టుకుంది. ఇప్పుడు ఆయన ఎవరూ చూడకుండా ఆ తప్పు దిద్దుకుందామని వస్తే, తను ఆ మరకలన్నీ బ్రష్షుతో రుద్ది కడిగేసింది.

షెడ్డుకు తిరిగొచ్చి ఇంజిన్ ముందు చతికిలబడింది. పాత మరక ఒక్కటీ లేదు. ఒక్కటీ లేదు కాబట్టి, ఆమె మెల్లగా ఆలోచించింది, ఇక మీదట ఏది కనపడినా కొత్తదే. నలుగురు మెకానిక్‌లు వెతికింది అడుసులో. ఇక్కడ ఒక్క చుక్క పడినా దాక్కోవడానికి చోటు లేదు. ఆ చుక్క మసక కళ్ళకు కూడా కనపడాలంటే ఇనుము తెల్లగా ఉండాలి.

ఆమె లేచి ఇంట్లోకి పరుగెత్తి, అత్తయ్య అద్దం ముందున్న పౌడరు డబ్బా తీసుకొచ్చింది. పొడిగా ఆరిన ఇంజిన్ పక్కల మీద, గొట్టాల మీద, మూత చుట్టూ పెయింట్ బ్రష్షుతో పౌడరు అద్దింది. కవర్లు విప్పి, బ్యాటరీ తీగ బిగించింది. షెడ్డంతా గుప్పుమని వాసన.

మామయ్యను పిలుచుకొచ్చే భారం అత్తయ్య మీద పెట్టింది. అత్తయ్య ఏం చెప్పిందో ఆ గోడలకే తెలియాలి, కానీ బయటికి వినపడింది మాత్రం ఇదీ: "ఏవండీ, నా పౌడరు డబ్బా ఖాళీ అయింది. దొంగ ఎవరో వచ్చి చూస్తారా, లేదా?"

మామయ్య వచ్చాడు. పాలపిండిలో పడి లేచినట్టున్న ఇంజిన్ను చూసి నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక నిలబడ్డాడు. కోడలు స్టార్ట్ చేసింది. ఇంజిన్ చక్కగా అందుకుంది. పది నిమిషాలు గడిచినా పౌడరు మీద ఒక్క చుక్క పడలేదు. ఆమె ముఖం చిన్నబోయింది.

"ఊరికే నిలబెడితే కారదు," అన్నాడు మామయ్య, తనకు తెలియకుండానే దగ్గరికి జరుగుతూ. "గుట్ట ఎక్కేటప్పుడు కదా వాసనొస్తుందని టీచరమ్మ అంది? ఆయిల్ ఒత్తిడి పెరగాలి. ఒకరు యాక్సిలరేటర్ తొక్కి పట్టాలి. ఒకరు చూడాలి."

ఆ మాట అన్నాక ఆయన ఆగిపోయాడు. తొక్కడం ఎవరైనా తొక్కుతారు. ఆయన చెయ్యి కారు తలుపు వైపు వెళ్ళింది, తనే సీట్లో కూర్చుంటే గొడవ వదిలిపోతుందన్నట్టు. కోడలు అంతకు ముందే ఎక్కి కూర్చుని తలుపు వేసేసుకుంది. తెలిసే కూర్చుంది.

"తొక్కుతున్నాను మామయ్యా. మీరు చూడండి."

సీట్లోంచి చూస్తే ఎత్తిన బానెట్ తప్ప ఏమీ కనపడదు. ఆమె తొక్కి పట్టింది. ఇంజిన్ గర్జించింది, రేకులు అదిరాయి. బానెట్ అవతల మామయ్య ఉన్నాడో లేడో కూడా తెలియలేదు. తొక్కి తొక్కి పాదం నొప్పి పుట్టింది. పొరపాటు చేశానేమో అనుకుంది. ఆయనకు కనపడకపోతే, కనపడలేదని అత్తయ్య ముందూ కోడలి ముందూ చెప్పాల్సి వస్తే, ఆ మనిషి ఇక జన్మలో ఈ షెడ్డు వైపు తల తిప్పడు. దేవుడా, ఒక్క చుక్క, అనుకుంది.

"ఆపు."

ఆమె ఇంజిన్ ఆపి కిందికి దూకింది. మామయ్య ఇంజిన్ మీదకు వంగిపోయి ఉన్నాడు, ముక్కుకు పౌడరు అంటుకుని ఉంది. ఆయన వేలు ఈసారి తడుముకోలేదు. ఇంజిన్ పక్కన, కిందగా, బొటనవేలంత చిన్న స్విచ్చు ఒకటి బిగించి ఉంది. దాని మొదట్లోంచి తెల్లటి పౌడరు మీద నల్లటి గీత సన్నగా జారుతోంది.

"కనపడుతోందమ్మా," అన్నాడు. "నల్లగా. బాగా కనపడుతోంది."

కోడలు తల ఊపింది.

"ఇది ఆయిల్ ఒత్తిడి చూసే స్విచ్చు. ఇది కారుతుంటే ఫ్యాన్ గాలికి చిమ్మి పైనంతా పూసుకుంటోంది. అందుకే గ్యాస్కెట్ దగ్గర మరక. అందుకే నేను గ్యాస్కెట్ అన్నాను." ఆయన నిదానంగా నడుం నిలబెట్టాడు. "నా తర్వాత చూసిన ముగ్గురికీ ఇది దొరకలేదు కదా. వాళ్ళకు కళ్ళు బాగానే ఉన్నాయి."

"మరే. మరకే అబద్ధం చెప్పింది మామయ్యా."

"అబద్ధం చెప్పింది," అన్నాడాయన. రెండేళ్ళుగా నెత్తిన మోస్తున్నది ఏదో కిందికి దిగినట్టు భుజాలు సడలాయి. కళ్ళు తుడుచుకోబోయి ముఖమంతా పౌడరు చేసుకున్నాడు. అత్తయ్య కొంగుతో తుడిచింది, ఆయన వద్దనలేదు.

ఆ స్విచ్చు మారిస్తే కారు అమ్మాల్సిన పనే లేదని టీచరమ్మకు ఫోన్ చేసి చెప్పారు. ఆవిడ రెండుసార్లు చెప్పించుకుంది. మామయ్య పానాల పెట్టె తెరిపించి, కోడలి చేతికి ఒక్కో పానా అందిస్తూ పాత స్విచ్చు ఎలా విప్పాలో చెప్పడం మొదలుపెట్టాడు. ఎడమకు తిప్పమ్మా, బలం పెట్టకు, అది తనే వస్తుంది.

పదింటికి టైర్ల షాపతను కొలత టేపుతో సహా దిగాడు. షట్టర్ దగ్గర నిలబడి షెడ్డు పొడవూ వెడల్పూ కళ్ళతోనే కొలుస్తూ, "తాళం ఇస్తారా పెద్దాయనా?" అన్నాడు.

కోడలి చేతిలో పానా ఆగింది.

మామయ్య అతని వైపు తిరిగాడు. చేతిలోని పానా పెట్టెలో పెట్టాడు. తర్వాత, వీధిలో పోయేవాళ్ళకు కూడా వినపడేంత గట్టిగా చెప్పాడు.

"మాటిచ్చి తప్పుతున్నాను, ఏమీ అనుకోకు నాయనా. నాకు కళ్ళు సరిగా కనపడ్డం లేదు, రెండేళ్ళయింది. ఇక పనికి రాననుకుని నీకు ఇస్తానన్నాను. మేమిద్దరం కలిస్తే పని అవుతుందని ఇందాకే తెలిసింది. షెడ్డు మాకే కావాలి."

అత్తయ్య గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. కోడలు తల దించుకుని, పానా ఎడమకు తిప్పింది.