మొట్టమొదటి పెరుగుకు తోడెవరు వేశారు?

జ్వరం తగ్గాక మా పూర్ణిమ అన్నం ముట్టడం మానేసింది. గంజి తాగుతుంది, అంతే. దవాఖానలో డాక్టరమ్మ పెరుగన్నం పెట్టమంది. ఇంట్లో పెరుగు చుక్క లేదు. పక్కింటి కౌసల్యమ్మ దగ్గర చెంచాడు తోడు తెచ్చి పాలలో వేస్తే పొద్దుటికి గడ్డపెరుగు తయారైంది. ఆ తోడు సంగతి పిల్ల ముందు అనడమే నా పొరపాటు.

"కౌసల్యమ్మకు తోడెవరిచ్చిన్రు?" అంది. ఆరేళ్ళు దానికి.

"ఎదురింటి మంజుల."

"మంజులత్తకు?"

"నేనే ఇచ్చిన. ఇగ నోరు తెరువు."

తెరిచింది, కానీ ముద్ద కోసం కాదు. "మరి మొట్టమొదటి పెరుగుకు తోడెవరేసిన్రు? చెప్తేనే తింట."

నా చదువు ఏడో తరగతిలో ఆగింది. ఈ పాఠం ఎనిమిదిలో ఉండేదేమో. పిల్ల చేతులు చూస్తే అగ్గిపుల్లల్లా ఉన్నాయి.

"దేవుడేసిండు బిడ్డా," అన్నాడు మా మామ చెన్నయ్య మంచం మీది నుంచి.

"దేవునికి తోడెవరిచ్చిన్రు తాతా?"

"ఆయనకెందుకే తోడు? ఆయనంతట ఆయనే ఉంటడు."

"గట్లయితే పాలు గూడ వాటంతట అవే తోడుకుంటయి గద!"

మామ గట్టి జవాబే ఎత్తుకున్నాడు. అంతలో పక్కనున్న ఎయిర్‌పోర్టుకు మా ఇంటి మీదుగా విమానం దిగింది. అది పోయేదాకా మా బస్తీలో ఎవరి మాటైనా ఆగాల్సిందే. పోయేసరికి ఆయన జవాబు మరిచిపోయాడు.

మా ఆయన వీరేందర్ ఎయిర్‌పోర్టులో క్యాబు నడుపుతాడు. "నేను చెప్త ఇను. లైన్ల ముందు బండి కదిల్తేనే ఎనక బండి కదుల్తది. మొదటి బండే లేకుంటే అందరం ఆడనే కూసుంటం. గందుకే మొదటోడు ఒకడుండాలె."

"మొదటి బండిని ఎవరు కదిలిస్తరు డాడీ?"

"పాసింజరు."

"పాసింజరును ఎవరు తెస్తరు?"

"ఇమానం."

"ఇమానం కాడికి పాసింజరును ఎవరు తోల్కపోతరు?"

"క్యాబు..." అని ఆగిపోయాడు మా ఆయన.

"ఏందిరా, నీ లైనుకు మొదలే లేకపాయె!" మామ పడీపడీ నవ్వాడు.

"నవ్వుడు ఆపున్రి! పిల్ల ఎండిపోతున్నది," అన్నాను ఏడుపు గొంతుతో. అప్పుడు మా అమ్మ చేసే పద్ధతి గుర్తొచ్చింది. "పూర్ణీ, తోడు లేకున్నా పెరుగైతది. గోరువెచ్చటి పాలల్ల మిరపకాయ తొడిమెలు ఏస్తే సాలు."

పిల్ల లేచి కూర్చుంది. మామకు మాత్రం రోషం వచ్చింది. "తొడిమె గూడ ఎందుకు? ఉత్త పాలు పెట్టు కోడలా. దేవుడు తలుచుకుంటే తోడుకుంటయి. తోడుకోకుంటే ఇగ ఆయన పేరెత్తను!"

ఏ గిన్నె తోడుకుంటే అందులోది తింటానని పూర్ణిమ మాటిచ్చింది. పొద్దుగూకే వేళ రెండు గిన్నెలు పెట్టాను. మామ తన గిన్నె పక్కన అగరుబత్తి కూడా వెలిగించాడు. అది చూసి నాకు భయం పట్టుకుంది. ఓడిపోతే ఈయన అలుగుతాడు, అలిగితే అన్నం మానేస్తాడు. తిననివాళ్ళు ఇంట్లో ఇద్దరైతే నావల్ల కాదు. ఎవరూ చూడకుండా ఆయన గిన్నెలోనూ రెండు తొడిమెలు వేశాను.

తెల్లారేసరికి రెండూ తోడుకున్నాయి, కాస్త పలుచగా. మామ గోడ మీదుగా కౌసల్యమ్మను పిలిచి మరీ చూపించాడు. పూర్ణిమ దేవుడి పెరుగే కావాలంది. ఒక ముద్ద తింది. రెండోది తింది. మూడో ముద్దలో ఏదో నమిలి, నోట్లోంచి తొడిమె తీసి పట్టుకుంది.

నా అదృష్టం, విమానం వచ్చింది. అది పోయేదాకా అందరం తొడిమెనే చూశాం.

"తాతా, దేవుడు గూడ తొడిమెనే ఏసిండు!" అంది పిల్ల.

మామ తొడిమెను చూశాడు, నన్ను చూశాడు.

"మరి ఏం జేస్తడే?" అన్నాడు. "తోడు అడుగుదామంటే పాపం ఆయనకు పక్కిల్లు యాడిది?"

పూర్ణిమ మళ్ళీ నోరు తెరిచింది. ఈసారి ప్రశ్న బయటికి రాకముందే ముద్ద పెట్టేశాను.