క్రియాటినిన్ బాగుంది కదా

మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు తగలని వీధి లేదు. అందుకే ఏ అనుమానం వచ్చినా రక్తం తీయించి కిడ్నీల పరీక్ష, క్రియాటినిన్, చూసుకుంటాం. మా ఆయన అప్పలసూరికి నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడినప్పుడూ అదే చేశాం.

"నీ కిడ్నీలు బంగారం మావా. ఒంట్లో వేడి, అంతే," అన్నాడు ఊళ్లో మందులిచ్చే ధనరాజ్. ఎనిమిది నెలల్లో మూడుసార్లు రక్తం పడింది. మూడుసార్లూ అదే పరీక్ష, అదే మాట. నేను సబ్జా నీళ్లు తాగించి, అరసవల్లి స్వామికి ఆదివారాలు ఉపవాసం ఉన్నాను. స్వామిని అడిగాను గాని, ధనరాజ్‌ని ఒక్క ప్రశ్నా అడగలేదు.

నాలుగోసారి రక్తం పడ్డాక శ్రీకాకుళం తీసుకెళ్లాను. స్కాన్‌లో ఎడమ కిడ్నీలో నిమ్మకాయంత గడ్డ కనిపించింది. క్యాన్సరేనని, ఇంకా ఎక్కడికీ పాకలేదని, ఆ కిడ్నీ తీసేయాలని పెద్ద డాక్టరు చెప్పాడు. మా ఆయన ఒప్పుకోకుండా ఇంటికొచ్చేశాడు.

"రెండున్నోలే డయాలసిస్‌కి పోతన్నారు. ఒక్కదాంతో ఏటి బతుకుతానే?"

సంగతి విని ధనరాజ్ వచ్చాడు. "క్రియాటినిన్ బాగున్నాది కదత్తా, నాకేటి తెలుస్తాది?"

నాకు ఒళ్లు మండింది. "కిడ్నీ పని సేస్తన్నాదో లేదో సెప్పే పరీక్షకి గడ్డ సంగతేటి తెలుస్తాదిరా? రగతం పడితే స్కాన్ తీయించాలని ఒక్కసారైనా అన్నావా? రెండో కిడ్నీ బాగున్నాదని డాక్టరుబాబు సెప్పాడు. మూడుసార్లు బంగారమన్నావు కదా, ఆ మాట ఇప్పుడు సెప్పు మీ మావకి."

ధనరాజ్ తల వంచుకుని, "ఒక్కదాంతో బతకొచ్చు మావా, ఆపరేషన్ సేయించుకో," అన్నాడు.

"ఈసారైనా సరిగ్గా సూసావేటి?" అన్నాడు మా ఆయన. తర్వాత నావైపు తిరిగి, ఆస్పత్రికి బట్టలు సర్దమన్నాడు.