మేతకి మెషిను, పక్కకి అప్పాయమ్మ

మా ఆయన ధర్మరాజు మాట సగమే బయటికొస్తుంది. మిగతా సగం మీసాల్లో ఉండిపోతుంది. ఇరవయ్యేళ్ళ కాపురంలో అది నాకు అలవాటైపోయిందనుకున్నాను గానీ, ఆ రోజు నేనూ బోల్తాపడ్డాను.

ముమ్మిడివరం దగ్గర మా కొబ్బరితోటలో ఇరవై గేదెలున్నాయి. వాటి మేతకని ట్రాక్టరుకి తగిలించే కొత్త మెషిను తెచ్చారు. చుట్టగా కట్టిన గడ్డికట్టని అందులో వేస్తే విప్పి, తరిగి, గేదెలు మేసే గాడి పొడుగునా చిమ్ముకుంటూ పోతుంది. ఇన్నేళ్ళూ ఆ పని అప్పాయమ్మది. గడ్డిమోపులు మోసి మోసి ఆవిడ మెడ ఒక వైపుకి ఒరిగిపోయింది.

మెషిను మొదటిసారి తిరిగి ఆగాక ఆయన, "అప్పాయమ్మా, ఇకనించీ మేతకి మెషిను, పక్కకి నువ్వు," అన్నారు.

"ఆయ్, అలాగేనండి," అంది ఆవిడ. కొడవలి పాక చూరులో దోపింది. నెలలు నిండిన చుక్కగేదె దగ్గర కాసేపు ఆగి, దాని వీపు నిమిరి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయనకి కాఫీ ఇచ్చాను గానీ పలకరించలేదు. మధ్యాహ్నానికి చుక్క నొప్పులొచ్చి నిలవలేక లేస్తూ, పడుకుంటూ అవస్థ పడుతోంది. ఆయనే నా దగ్గరికొచ్చారు.

"అప్పాయమ్మ ఇంకా రాలేదేంటే?"

"పక్కకి తప్పుకోమని మీరే అని, ఇప్పుడు రాలేదేంటంటారా?"

ఆయన తెల్లబోయారు. "తప్పుకోమన్నానా? గేదెలకి పక్క వెయ్యమన్నాను. మెషిను తరిగిన పొట్టిగడ్డి పరిస్తే పుట్టిన దూడ ముక్కుకి అంటుకుంటుంది. పొడుగ్గడ్డి దులిపి పరవడం ఆవిడకే కదా తెలుసు. మోపులు మొయ్యడం కూడా తప్పుతుందని..."

"ఆ ముక్క అక్కడే అనొచ్చు కదండీ."

ఇద్దరం ఆవిడింటికి వెళ్ళాం. అప్పాయమ్మ గుమ్మంలో ఊరికే కూర్చుని ఉంది. పొద్దుటి అన్నం గిన్నెలో అలాగే ఉంది. ఈసారి ఆయన మాట మొత్తం చెప్పారు. ఆయన నోట అంత పొడుగు మాట నేనెప్పుడూ వినలేదు.

ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "నా చేతులింక పనికిరావేమో అనుకున్నానండి."

నాకూ ఏడుపొచ్చింది.

పాకలోకి రాగానే అప్పాయమ్మ పిడికెడు పిడికెడు గడ్డి దులిపి మెత్తగా పరిచింది. చుక్క ఒకసారి వాసన చూసి దానిమీద పడుకుంది. మా ఆయన మాత్రం దారికడ్డంగా నిలబడి చూస్తున్నారు.

"బాబుగారూ, కాస్త పక్కకండి," అంది అప్పాయమ్మ.

ఆయన వెళ్ళి మెషిను దగ్గర నిలబడ్డారు.