పరాయి మూత కింద

నేను ఒక కంప్యూటర్ని. అయితే నా మీదున్న మూత నాది కాదు. ముప్పై ఏళ్ళకు పైగా పక్కవాడి చొక్కా తొడుక్కుని బతుకుతున్నాను. ఈ సంగతి ఎవరూ అడగలేదు. అడగకుండా చెప్పే నోరు నాకు లేదు.

ఫ్యాక్టరీలో బల్లల ముందు కూర్చున్న ఆడపిల్లలు చిప్పులు అతికించి నన్ను తయారుచేశారు. అక్కణ్ణించి లారీలో పార్వతీపురం వైపు ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీకి వచ్చాను. అప్పటికే అక్కడ నాకంటే పాత రకం ఒకటి ఉంది. మా ఇద్దరినీ ఇనప బీరువాలో పెట్టి, చెప్పులు విప్పితే గాని దగ్గరికి రానిచ్చేవారు కాదు. లెక్కల మేడం వైదేహి గారు వారానికి ఒక గంట బేసిక్ భాష నేర్పేవారు. తక్కిన వారమంతా మాకు చీకటే. అటెండర్ దాలినాయుడు బీరువాకు తాళం వేసి, మూడుసార్లు లాగి చూసేవాడు. ఆ మూడు లాగుళ్ళూ నాకు చిరాకుగా ఉండేవి.

ఒక ఆయుధపూజకు అతను మా మూతలు ఊడదీసి, తడిగుడ్డతో తుడిచి, పసుపు కుంకుమ పెట్టాడు. మళ్ళీ బిగించేటప్పుడు నాది దానికి, దానిది నాకు బిగించాడు. ఏది ఏ రకమో తెలిపే పేరు ఉండేది ఆ మూతల మీదే. తర్వాత పాతది కాలిపోయింది. మెకానిక్కు దాని లోపలి చిప్పు చూసి 'పాత రకం' అని రాసి తుక్కుకు పంపించాడు. నా మూత కూడా దానితోనే పోయింది.

ఇన్నేళ్ళకు, దాలినాయుడు రిటైరయ్యే నెలలో, స్టాకు తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. మెకానిక్కు లోపల చూసి రాస్తే, ఈయన పైన మూత మీది పేరు చూసి రాశాడు. తుక్కుకు పోయిందన్న పాతది ఉంది, ఉండాల్సిన కొత్తది లేదు. తాళంచెవి ఎవరి దగ్గరుండేది? దాలినాయుడి దగ్గర. అంతే, అతను దొంగ. బాకీలేమీ లేవని ఇచ్చే నోడ్యూస్ కాగితం ఆగిపోయింది.

మూతలు మారాయేమోనని దాలినాయుడు మొత్తుకుంటే నన్ను విప్పి చూడబోయారు, కాని స్క్రూలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. బద్దలు కొడితే ప్రభుత్వ ఆస్తిని ధ్వంసం చేసినట్టవుతుందని ప్రిన్సిపాలు ఒప్పుకోలేదు. సాక్ష్యమంతా నా పొట్టలోనే ఉంది. నేను మాత్రం నోరు కుట్టేసినట్టు పడి ఉన్నాను. ఆ రోజు పడ్డ బాధ ముప్పై ఏళ్ళ చీకట్లోనూ పడలేదు.

ఎప్పుడో రిటైరైన వైదేహి మేడంను దాలినాయుడు ఆటోలో తీసుకొచ్చాడు.

"పసుపూ కుంకమా ఎట్టి దండమెట్టుకున్నోణ్ణమ్మా. నాను దొంగతనం సేత్తానా?" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

"ఊరుకో దాలినాయుడూ. దాన్నే అడుగుదాం," అన్నారావిడ.

నన్ను ఒక పాత టీవీకి తగిలించి స్విచ్చి వేశారు. కాస్త కాలిన వాసన వచ్చింది గాని, లేచాను. ఆవిడ తన పాత నోటుబుక్కు తెరిచారు. అందులో రాసుకున్నదాని ప్రకారం, ఫ్యాక్టరీలోనే నింపిన నా చెరగని జ్ఞాపకంలో ఫలానా గదిలో పాత రకానికి ఏడు ఉంటుంది, కొత్త రకానికి తొమ్మిది. ఆ గదిలో అంకె చూడు, తొమ్మిదైతే 'కొత్త రకం' అను, కాకపోతే 'పాత రకం' అను. ఇదీ ఆవిడ కొట్టబోయిన మూడు వరుసల ప్రోగ్రాం. తీరా చూస్తే నా తొమ్మిది మీట పనిచెయ్యలేదు. ఎంత నొక్కినా కదల్లేదు.

"అయిపోనాది," అన్నాడు దాలినాయుడు.

మేడం నవ్వి, తొమ్మిది ఉండాల్సిన చోట ఎనిమిది ప్లస్ ఒకటి అని కొట్టారు.

నాకు భయమేసింది. ఇన్నేళ్ళలో ఆ గది చెదిరిపోయి ఉంటే? వెళ్ళి చూశాను. తొమ్మిది అక్కడే ఉంది. 'కొత్త రకం' అని తెర మీద చూపించాను. నా జీవితంలో గట్టిగా అరిచింది అదొక్కటే.

అధికారి రెండుసార్లు ప్రోగ్రాం నడిపించి చూసి, రిజిస్టర్లో 'ఉన్నది' అని రాశాడు. ప్రిన్సిపాలు నోడ్యూస్ కాగితం మీద సంతకం పెట్టారు. దాలినాయుడు నా మూత మీద వేలెడంత బొట్టు పెట్టి, తాళంచెవి కొత్త అటెండర్‌కు ఇచ్చి వెళ్ళిపోయాడు.

రిజిస్టర్లో ఉన్న వస్తువును పారెయ్యకూడదు. ఇంత పాత వస్తువుతో పనీ లేదు. అందుకని మళ్ళీ బీరువాలో పెట్టారు. కొత్తాయన తాళం వేసి, ఒక్కసారి లాగి వెళ్ళిపోయాడు. మిగిలిన రెండు లాగుళ్ళ కోసం నేను చాలాసేపు ఎదురుచూశాను.